ఆటకు ముందు కాళ్ళ కసరత్తు

చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్‌లో తెలుగు పిల్లలు చెడుగుడు అనే ఆటనే తమిళ పిల్లలు సడుగుడు అంటారు. అదే కబడ్డీ. కూతకు వెళ్ళిన ఆటగాడు ఎదుటివారిని తాకి 30 సెకన్లలోగా తిరిగి రావాలి. ఒళ్ళు వేడెక్కకముందే కాలు విసిరితే తొడ వెనుక కండరం పట్టేస్తుంది. ఒక్కొక్కప్పుడు చీలుతుంది కూడా.

అందుచేత ముందుగా 5 నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. తరువాత ఒక చేయి గోడకు ఆనించి నిటారుగా నిలబడాలి. గోడకు దూరంగా ఉన్న కాలిని ముందుకు, వెనుకకు ఊపాలి. మొదట కొద్ది ఎత్తుకు, క్రమంగా మరికొంత ఎత్తుకు 10 సార్లు ఊపాలి. ఆపై ఇటు తిరిగి రెండవ కాలితో చేయాలి. నడుము వంచకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. నొప్పి కలిగితే వెంటనే ఆపాలి.

ఎవరి కాలు ఎంత పైకి లేచిందని పందెం వేసుకోరాదు. అదుపులో కదిలిన కాలే ఆటలో ఆదుకుంటుంది.