మామ్మ కాసు విలువెంత?

పోయిన సంక్రాంతికి నౌపడ వెళ్లినప్పుడు మా మామ్మ బీరువా తెరిచి, పసుపు గుడ్డలో కట్టిన బంగారు కాసు తీసి నా చేతిలో పెట్టింది.

‘‘ఇది అమ్మీసి సెల్లి ఫీజు కట్టీరా. మీ ముత్తాత రంగం నుంచి తెచ్చింది’’ అంది.

రంగం అంటే రంగూన్. ఒకప్పుడు మా వైపు నుంచి పని కోసం ఓడెక్కి అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది. ఆ ఏడాది వానలకి మా ఉప్పు మడులు దెబ్బతిన్నాయి. ఫీజు నేను కడతానంటే మామ్మ వినలేదు. ‘‘నీ డబ్బులు నీ ఈఎమ్ఐలకి ఉంచుకో. దాని సదువుకి నా వంతు నానిస్తాను’’ అని తేల్చేసింది. సరే, ఆ కాసు నేనే కొనుక్కుంటానన్నాను.

చిక్కు అక్కడే వచ్చింది. చిన్నాన్న ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. పాత నాణెం ఉంటే చాలు, లక్షాధికారి అయిపోతారట. ‘‘బయట లక్షలు పలికేదాన్ని నువ్వు బంగారం రేటుకి పట్టుకుపోతావేటి?’’ అని నవ్వుతూనే అన్నాడు. కానీ ఇంట్లో అందరూ నా వైపే చూశారు. కోడింగ్ తప్ప నాణేల సంగతి నాకేం తెలీదు. అయినా లెక్క అందరి ముందూ తేలాలనుకున్నా.

ముందు అసలుదేనా?

నాణెం మీద ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ని చంపుతున్న సెయింట్ జార్జి. అంటే ఇది బ్రిటిష్ సావరిన్. దీని కొలతలు పక్కా: బరువు 7.988 గ్రాములు, వెడల్పు 22.05 మిల్లీమీటర్లు, బంగారం 22 క్యారెట్లు. మనం కాసు అంటే 8 గ్రాములు అనుకుంటాం కదా, దాదాపు అదే బరువు.

నగల త్రాసు మీద పెడితే 7.97 వచ్చింది. చేతులు మారిన నాణేనికి ఆ మాత్రం అరుగుదల మామూలే. తర్వాత త్రాసు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి, రీడింగ్ సున్నా చేసి, కాసుని దారంతో నీళ్లలో వేలాడదీశాను. అడుగుకి తగలకూడదు. రీడింగ్ 0.45 చూపించింది. 7.97ని 0.45తో భాగిస్తే 17.7. 22 క్యారెట్ల బంగారం సాంద్రత 17.5 చుట్టుపక్కల ఉంటుంది. ఇత్తడికైతే 8 దాకా, సీసానికి 11 దాకా వస్తుంది. కాబట్టి లోహం సరైనదే. కానీ అసలు బంగారంతోనే చేసిన నకిలీ సావరిన్లు కూడా ఉన్నాయి. అందుకే అక్షరాలు, అంచు గీతలు భూతద్దంలో చూడాల్సిందే.

చిన్న అక్షరం, పెద్ద ఆశ

ఏడాది 1918. ఆ అంకెకి సరిగ్గా పైన, గుర్రం కింద నేల మీద సన్నగా ‘ఐ’ అక్షరం కనిపించింది. అంటే ఇండియా! ఆ రోజుల్లో సావరిన్లు బొంబాయిలో ముద్రించింది 1918 అనే ఒక్క ఏడాది గుర్తుతోనే. నా గుండె ఝల్లుమంది. చిన్నాన్న అయితే ‘‘నాను సెప్పలేదా!’’ అన్నాడు.

కానీ అవి దాదాపు 13 లక్షలు ముద్రించారు. ఇప్పటికీ బాగానే దొరుకుతున్నాయి. దానికి ముందటి ఏడాది, 1917లో లండన్‌లో ముద్రించినవీ పది లక్షలు దాటాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం అమెరికాకి వెళ్లి కరిగిపోయాయి. అందుకే అవి అరుదు, ఖరీదు. అంటే ఎన్ని ముద్రించారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది ముఖ్యం.

గ్రేడు ఎక్కడ పడిపోయింది?

నాణేల పరిస్థితికి 1 నుంచి 70 దాకా మార్కులు ఉంటాయి. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ ఈ పద్ధతి మొదలుపెట్టాడు. 60 పైన ఉంటే వాడకంలో అరగనిది అని. రాజు చెంప, గడ్డం, గుర్రం ఒళ్లు, ఇలా ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. మా కాసులో గడ్డం వెంట్రుకలు చాలావరకు కనిపిస్తున్నాయి. బాగానే ఉందనుకున్నా.

కానీ అంచు మీద రాజు తలకి పైన టంకం మచ్చ ఉంది. ‘‘అదా? నా పెళ్లికి కంసాలి కొక్కెం అతికించాడు. దండలో ఎట్టుకున్నాను’’ అంది మామ్మ. తర్వాతెప్పుడో కొక్కెం ఊడిపోయిందట. ఇలాంటి మచ్చ ఉంటే గ్రేడింగ్ సంస్థలు మామూలు మార్కు ఇవ్వవు, దెబ్బతిన్నదని రాస్తాయి. సేకరించేవాళ్లు అదనంగా ఇచ్చే ధర అక్కడే పోతుంది.

అమ్మ చింతపండు పెట్టి తోముదామంది. వద్దన్నాను. తోమితే మెరుస్తుంది గానీ సన్నని గీతలు పడి విలువ ఇంకా తగ్గుతుంది. మీ ఇంట్లో పాత నాణెం ఉంటే దయచేసి తోమకండి.

వీడియోలో నంబరు

చిన్నాన్న ఆ నంబరుకి ఫోన్ చేశాడు. అవతలివాడు నాణెం ఫొటో కూడా సరిగ్గా చూడకుండానే లక్షల మాట చెప్పి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు. ఆర్‌బీఐ పేరు కూడా వాడాడు. నిజానికి పాత నోట్లు, నాణేల లావాదేవీలకి తాము ఎలాంటి ఫీజూ అడగమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే చెప్పింది. ఆ ప్రకటన చదివి వినిపించాను. చిన్నాన్న ఫోన్ పెట్టేశాడు.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. గ్రేడింగ్ కోసమని విదేశాలకి పార్శిల్ చేసేయకూడదు. నేలలో పాతిపెట్టిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. అది 1878 నాటి చట్టం.

చివరికి లెక్క

7.97ని 11తో గుణించి 12తో భాగిస్తే 7.3. అంటే అందులో ఉన్న మేలిమి బంగారం 7.3 గ్రాములు. దాన్ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో గుణించాలి, అంతే. టెక్కలిలో అడిగిన నగల కొట్టు తరుగు తీసి ఇస్తానంది. విశాఖలో నాణేల వ్యాపారి ఫొటోలు చూసి, మచ్చ ఉంది కాబట్టి బంగారం ధరే అన్నాడు. తరుగు లేకుండా ఆ పూర్తి ధర నేను మామ్మ ఖాతాలో వేశాను. చెల్లి ఫీజు ఆ ఖాతా నుంచే వెళ్లింది.

లెక్కంతా కాగితం మీద రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఒక కాపీ కాసుతో పాటు పసుపు గుడ్డలో ఉంది. చిన్నాన్న ఆ మెసేజ్‌కి బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు.

ఇప్పుడు తన దగ్గరున్న పాత రూపాయి నాణేలన్నీ ఫొటోలు తీసి నాకే పంపుతున్నాడు.