అనాస చుట్టాలు: ఇంటితోటలో బ్రోమీలియాడ్లు

పట్టణాలలో ఇంటి ముందు స్థలం తగ్గిన కొలదీ కుండీల మొక్కలకు ఆదరణ పెరిగినది. తులసి, కలబంద, వాము ఆకు పెరిగిన వరండాలలో నేడు పట్టీల వంటి ఆకులతో, మధ్యలో ఎఱ్ఱని నక్షత్రం వంటి పూగుత్తితో ఒక క్రొత్త మొక్క కనిపించుచున్నది. నర్సరీలవారు దీనిని బ్రోమీలియాడ్ అందురు. దీనిని కొని తెచ్చినవారు వైద్యుని అడుగు ప్రశ్నలు మూడు. ఇది ఏ రోగానికి మందు? ఇంటిలో ఉంచుట క్షేమమేనా? ఎంతకాలం బ్రతుకును? ఈ మూడింటికీ సమాధానం చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకు తెలిసిన చుట్టం

బ్రోమీలియాడ్లు మనకు పూర్తిగా పరాయివి కావు. మనం తిను అనాస ఈ కుటుంబానికి చెందినదే. స్వీడన్ దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన ఓలాఫ్ బ్రోమెల్ (1639-1705) పేరు మీదుగా ఈ పేరు ఏర్పడినది. ఇందులో మూడువేలకు పైగా జాతులు కలవు. పశ్చిమ ఆఫ్రికాలోని ఒక్క జాతి తప్ప తక్కినవన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవే.

1493లో కొలంబస్ తన రెండవ యాత్రలో గ్వాడెలూప్ దీవిలో అనాసను చూచెను. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా అది మన దేశానికి వచ్చినది. ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేలకొలది అనాసపండ్లు కాయుచుండెనని జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో వ్రాసికొనెను. నేడు సింహాచలం కొండవాలులలో పండు అనాసను ఎరుగని ఉత్తరాంధ్రవాసి ఉండడు.

మందా, అలంకారమా?

చరక, సుశ్రుత, వాగ్భటులు ఈ మొక్కలను పేర్కొనలేదు. వారి కాలానికి ఇవి సముద్రం దాటి రాలేదు. తరువాతి వైద్యులు అనాసపండు రసగుణాలను పరిశీలించి, పండినది రుచిని పుట్టించునని, దప్పిక తీర్చునని గుర్తించిరి. ఆ గౌరవం అనాసకే పరిమితం. అలంకారానికి పెంచు గుజ్మేనియా, నియోరెజీలియా, ఎక్మియా మొదలగు వాటికి మన వైద్యంలో స్థానం లేదు.

ప్రకృతిలో ఔషధం కాని ద్రవ్యం లేదను సిద్ధాంతానికి, ప్రతి ఆకును నూరి త్రాగవచ్చునని అర్థం కాదు. ఎవరికి, ఎంత, ఎట్లు అను యుక్తి తెలిసి, ప్రయోజనం నిశ్చయమైన పిదపనే ద్రవ్యం ఔషధమగును. కావున అనాసకు చుట్టమను కారణంతో వీటి ఆకులను కషాయం కాచుట, గాయాలపై కట్టుట తగదు. ఎక్మియా రసం తగిలి కొందరికి చర్మంపై దద్దురు, మంట కలుగుట కూడ కలదు. ఈ మొక్కల ప్రయోజనం కంటికి, మనస్సుకు కలుగు ప్రసన్నత. అది చిన్న ప్రయోజనం కాదు.

పెంచు విధానం

వీటిలో పెక్కు జాతులు స్వస్థానంలో చెట్టుకొమ్మలపై పెరుగును. అయినను ఇవి బదనికవలె చెట్టు సారాన్ని పీల్చవు. కొమ్మను ఆసరాగా పట్టుకొని, వాన నీటిని ఆకుల ద్వారానే గ్రహించును. ఆకులు మొదట ఒకదానినొకటి చుట్టుకొని దొన్నెవలె ఏర్పడి నీటిని నిలుపుకొనును.

కనుక బంకమట్టి పనికిరాదు. కొబ్బరిపీచు ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు కలిపి, అడుగున రంధ్రాలున్న చిన్న కుండీలో నాటవలెను. ఉదయపు లేత ఎండ మేలు. మన వేసవిలో మధ్యాహ్నపు ఎండ ఆకులను మాడ్చును. అప్పుడు నీడవల క్రిందనో, వరండాలోనో ఉంచవలెను. బోరునీటిలోని లవణాలు ఆకులపై తెల్లని చారలుగా పేరుకొనును. వాననీరు శ్రేష్ఠం.

రాగిపాత్రలో ఉంచిన నీరు త్రాగుట మన ఇండ్లలో అలవాటు. ఈ మొక్కకు మాత్రం రాగి విషతుల్యం. రాగిపాత్రలో నిలువచేసిన నీరు పోయరాదు. రాగి తీగతో కట్టరాదు. బోర్డో మిశ్రమం వంటి రాగి కలిసిన తెగులు మందులు చల్లరాదు.

ఇక ఆయుర్దాయం సంగతి. ఒక్కొక్క మొక్క ఒక్కసారియే పూయును. పూగుత్తి రంగు కొన్ని వారాలు, కొన్నిటిలో నెలలు నిలుచును. పిదప తల్లిమొక్క మెల్లగా ఎండును. అది చూచి చచ్చినదని పారవేయువారు అనేకులు. తొందరపడరాదు. దాని మొదట పిలకలు పుట్టును. అవి తల్లి ఎత్తులో మూడవ వంతుకు మించిన తరువాత వేరుచేసి నాటిన, ఒక మొక్క నుండి రెండు మూడు మొక్కలగును.

దొన్నెలోని నీరు, దోమ

ఇంటిలో ఉంచుట క్షేమమేనా అను ప్రశ్నకు సమాధానం ఇక్కడ కలదు. మొక్కకు ప్రాణమైన ఆ దొన్నెనీరే, అశ్రద్ధ చేసిన ఇంటికి అపాయం. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇట్టి నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. 2016లో అమెరికాలోని మయామీ ప్రాంతంలో జికా జ్వరం వ్యాపించినప్పుడు బ్రోమీలియాడ్ల దొన్నెలపై అక్కడివారు ప్రత్యేక దృష్టి పెట్టవలసివచ్చినది.

వెచ్చని కాలంలో గ్రుడ్డు దోమగా మారుటకు వారం, పది దినాలు చాలును. కావున వారానికొకసారి, ఒక నియమిత దినాన, కుండీని వంచి పాత నీటిని పూర్తిగా పారబోయవలెను. ఏడిస్ గ్రుడ్లు నీటి అంచున ఆకులకు అంటుకొని, ఎండినను నెలల తరబడి జీవించును. కనుక కుళాయి గొట్టంతో వేగంగా నీటిని పట్టి దొన్నెను కడిగి, పిమ్మట క్రొత్త నీరు కొద్దిగా పోయవలెను. కిరోసిన్, ఫినాయిల్, నూనె పోసిన దోమతోపాటు మొక్కయు చచ్చును. ఇంటిలోగాని పొరుగునగాని డెంగీ రోగి ఉన్నప్పుడు దొన్నెను ఖాళీగా ఉంచి, వేరు వద్ద మాత్రమే తడి చేయవలెను.

వారం వారం ఈ పని చేయజాలనివారు నీరు నిలువని జాతులను ఎన్నుకొనుట మంచిది. మట్టియే అక్కరలేక, నీటిలో ముంచి తీసి ఆరబెట్టిన చాలు అను టిలాండ్సియాలు, నేలకు అంటి పెరుగు క్రిప్టాంథస్‌లు అట్టివి. ఎయిర్ కూలర్లు, నీటి డ్రమ్ములు, పాత టైర్లు కూడ దోమలకు నెలవులే. వాటిని వదలి మొక్కను మాత్రమే నిందించిన ప్రయోజనం లేదు.

కుండీలో అనాస

ఈ కుటుంబంలో కంటికీ నోటికీ పనికివచ్చునది అనాస. పండు తలపైని ఆకుల జుట్టును మెలిపెట్టి తీసి, అడుగు ఆకులు కొన్ని తొలగించి, మూడు నాలుగు దినాలు నీడలో ఆరబెట్టి, ఇసుక కలిసిన తేలిక మట్టిలో నాటవలెను. ఎండ బాగుగా తగులవలెను. పండు వచ్చుటకు సుమారు రెండేండ్లు పట్టును. పిలక నాటిన కొంత ముందుగా వచ్చును. ఆకుల అంచుల ముండ్లు పిల్లలకు తగులని చోట ఉంచవలెను.

పండు భుజించుటలోను నియమం కలదు. పులుపు ద్రవ్యాలను పాలతో కలుపుట విరుద్ధాహారమని చరకుడు చెప్పెను. పచ్చి అనాసను పాలలో వేసి చూచిన, కొంతసేపటికి పాలు విరిగి చేదెక్కును. పండులోని బ్రోమెలైన్ అను పదార్థం మాంసకృత్తులను విడగొట్టుట దీనికి ఒక కారణం. నాలుకపై మంట కలుగుటకును అది ఒక హేతువు. ఉడికించిన ఆ శక్తి నశించును. పరగడుపున అధికంగా తినరాదు. పుల్లత్రేన్పులు, కడుపులో పుండు గలవారు మానుట మేలు. మధుమేహరోగులు మితం పాటించవలెను. పండని కాయను మందుగా వాడుట ఎవరికిని మంచిది కాదు, గర్భిణులకు అసలే తగదు. రక్తం పలుచనగుటకు మందులు వాడువారు బ్రోమెలైన్ మాత్రలను వైద్యుని అడుగక తీసికొనరాదు.

మొక్కను ప్రేమించుటయనగా దాని స్వభావాన్ని ఎరిగి మెలగుట. బ్రోమీలియాడ్ మన నుండి కోరునది కొద్దిపాటి నీడ, రాగి సోకని నీరు, వారానికొకసారి ఐదు నిమిషాల శుభ్రత. అంతమాత్రం చేయగలిగిన ఇంటిలో ఈ అతిథి నిశ్చింతగా ఉండవచ్చును, ఇంటివారును నిశ్చింతగా ఉండవచ్చును.