కర్పూరము: గుణములు, జాగ్రత్తలు

కొన్నేండ్ల క్రిందట సిద్దిపేటలోని నా వైద్యశాలకు ఒక తల్లి రెండేండ్ల బాలుని ఎత్తుకొని పరుగున వచ్చినది. "అయ్యగారూ, హారతి బిళ్ల మింగిండు, ఏమన్న కషాయం పొయ్యండి" అని ఏడ్చినది. నేను కషాయము పోయక వెంటనే ఆసుపత్రికి పంపితిని. దారిలోనే మూర్ఛ వచ్చినదట. సకాలమున చికిత్స అందుటచే బిడ్డ దక్కినాడు. గురుకులమున కర్పూర గుణములను వల్లె వేసిన నేను దాని విషలక్షణమును కన్నులారా గాంచినది ఆనాడే.

భావప్రకాశము కర్పూరమును పక్వము, అపక్వము అని రెండు విధములుగా చెప్పి, శీతలము, లఘువు, నేత్రములకు హితము అని కీర్తించినది. అది చెట్టు నుండి లభించు కర్పూరమును గూర్చిన మాట. నేడు హారతికి వాడు బిళ్లలు చాలవరకు దేవదారు జాతి వృక్షముల టర్పెంటైన్ నుండి కర్మాగారములలో తయారగునవే. అవి తినుటకు పనికిరావు. అంగడిలో పచ్చకర్పూరమను పేరున అమ్మునదంతయు చెట్టుదే యని నమ్మరాదు. పాయసమున వేయవలసినచో తినదగినదని ముద్రించిన పొట్లమునే కొని, ఆవగింజంత మాత్రమే వాడవలెను.

రసాయనశాస్త్ర రీత్యా కర్పూరపు అణువులో 10 కర్బన, 16 ఉదజని, 1 ఆమ్లజని పరమాణువులు ఉండును. ఆరు కర్బనముల వలయమునకు అడ్డముగా మరియొక కర్బనము వంతెనవలె నిలిచియుండును. కర్పూరము కరగకయే ఆవిరియగుట అందరెరిగినదే. వాము పువ్వు, పుదీనా పువ్వులతో కలిపినచో మూడును నీరై అమృతధార యగును. ఘనపదార్థములు కలిసి ద్రవమగుట చూచి నా శిష్యులు నేటికిని అబ్బురపడుదురు!

పెద్దల కీళ్లనొప్పులకు 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెను వెచ్చజేసి, పొయ్యి మీద నుండి దించిన పిమ్మట 5 గ్రాముల కర్పూరము కలిపి మర్దించవచ్చును. మంట దగ్గర కలిపినచో అంటుకొనును. పుండ్లపై పూయరాదు. మూర్ఛరోగులు, గర్భిణులు దీనిని మానవలెను. పసిబిడ్డలకు జలుబు చేసిన ఛాతీకి, ముక్కుకు కర్పూరతైలము పూయు అలవాటు మనలో కలదు. నేనును ఒకప్పుడు అట్లే చెప్పితిని, అది పొరపాటు. రెండేండ్లలోపు వారికి అసలు తగదు.

పిల్లలు మింగినచో ఒక గ్రాము సైతము ప్రాణాంతకము కావచ్చును. వాంతి చేయించరాదు; పాలు, నూనె పట్టరాదు. 108కి ఫోన్ చేసి, మింగిన పొట్లమును వెంట తీసికొని పోవలెను.

డబ్బాలో మిరియాలు వేసినచో కర్పూరము హరించుకుపోదందురు. నా అనుభవమున మూత బిగుతే ముఖ్యము. ఆ డబ్బాను గూటిలో గాక, పిల్లలకు అందని పై అటకపై ఉంచుడు.