పశువుల ముక్కునుండి రక్తము స్రవించుట: కారణములు, చికిత్స

ఒకనాడు మా పాఠశాలలో ఒక బాలుడు రాలేదు. మరునాడు కారణమడుగగా, “అయ్యవారూ, మా ఆవు ముక్కులో నెత్తురు కారతా ఉండాది, దిష్టి తగిలిందంట” అని చెప్పెను. దిష్టి తీయుటలో రెండు వారములు గడచిపోయినవి. వెంగల్ పరిసరములందలి మన తెలుగు కుటుంబములకు పాడియే యాధారము గనుక ఈ విషయమును గూర్చి కొంత తెలిసికొనుట యావశ్యకము.

ముక్కునుండి రక్తము కారుట రోగము గాదు, రోగచిహ్నము. కారణము నెఱుగక చికిత్స చేయరాదు. ఒక రంధ్రమునుండి మాత్రమే కారినచో సాధారణముగా ఆ ప్రక్కనే గాయముగాని, పుండుగాని, జలగగాని యుండును. ముక్కుతాడు ఒరసికొనుటయు నొక కారణమే. నురుగుతో గూడిన యెఱ్ఱని రక్తము ఊపిరితిత్తులనుండి వచ్చునది. పాముకాటు వలనను, ఎలుకల మందు తినుట వలనను రక్తము గడ్డకట్టు గుణమును గోల్పోయి స్రవింపవచ్చును.

చెరువులు, కుంటలు గల మనవంటి సీమలలో ముఖ్యముగా నెఱుగదగినది గురక వ్యాధి. దీనికి కారణము షిస్టోసోమా నేసేల్ అను సన్నని రక్తపు పురుగు. ఎం. అనంతనారాయణరావుగారు మదరాసులో దూడలకు ప్రయోగపూర్వకముగా ఈ రోగమును సంక్రమింపజేసి దాని మర్మమును వెల్లడించిరి. పురుగు ముక్కులోని సిరలయందు నివసించి గ్రుడ్లు పెట్టును. అవి చీమిడితో నీటిలో బడి పిల్లలై, చుట్టవలె బల్లపరుపుగా నుండు ఒక జాతి చిన్న నత్తలో ప్రవేశించి, కొన్ని వారములు పెరిగి, మరల నీటిలోనికి వచ్చును. ఆ నీటిలో నిలిచిన పశువు చర్మమును దొలుచుకొని లోనికి బోవును. పిమ్మట ముక్కులో కాయలు లేచి, గురక, చీము, రక్తపు చారలు గల చీమిడి కనబడును, పాలు తగ్గును. గేదెలలో లక్షణములు స్వల్పముగా నుండినను అవియు రోగమును వ్యాపింపజేయగలవు.

రక్తము కారునప్పుడు పశువును నీడలో నిశ్చలముగా నిలిపి, ముక్కుతాడు సడలించి, నుదుటిపైనను ముక్కుదూలముపైనను చల్లని తడిగుడ్డ వేయవలెను. తల పైకెత్తి పట్టరాదు. రెండు రంధ్రములలో గుడ్డలు కుక్కరాదు. గొట్టముతో మందులు పోయరాదు. అట్లు చేసినచో ద్రవము ఊపిరితిత్తులలోనికి బోవును. జలగ యున్నదని తోచినచో, పశువును కొన్ని గంటలు నీరు త్రాగనీయక, పిదప తొట్టెలో నీరు చూపిన జలగ బయటికి సాగును. అప్పుడు గుడ్డతో పట్టి తీయవచ్చును. గురక వ్యాధికి చీమిడిని సూక్ష్మదర్శినితో పరీక్షింపించి, వైద్యుడు వ్రాసిన మందును పూర్తిగా వాడవలెను. పూర్వము ఆంటిమొనీ సూదిమందులే దిక్కు. నేడు ప్రజిక్వాంటెల్ కూడ కలదు. ఆంటిమొనీ విషము గనుక స్వయముగా వాడరాదు. పశువులను కుంటలో దింపక తొట్టెలో నీరు పెట్టుటయు, నత్తలను దినుటకు బాతులను పెంచుటయు మేలు.

ఒక్క విషయమున మాత్రము పరమ జాగరూకత వలయును. ఆరోగ్యముగా నున్న పశువు హఠాత్తుగా మరణించి, ముక్కు, నోరు, ఆసనములనుండి గడ్డకట్టని నల్లని రక్తము కారినచో అది దొమ్మ కావచ్చును. ఆ కళేబరమును కోయరాదు, చర్మము తీయరాదు, మాంసము ముట్టరాదు. దాని బీజములు మట్టిలో దశాబ్దములు బ్రతుకును, మనుష్యులకును సోకును. పిల్లలను, కుక్కలను దూరముంచి పశువైద్యశాలకు తెలుపవలెను. పశువైద్య సహాయమునకు 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మన పెద్దలు దొమ్మ యందురు. ఇచ్చటి వైద్యులు తమిళమున అడైప్పాన్ అందురు. రెండును ఒకటే యని తెలియక ఏ యిల్లును నష్టపడరాదు. పై బాలుని యావునకు గురక వ్యాధి యని తేలి, చికిత్సచే కోలుకొన్నది. ఆలస్యమైన రెండు వారముల పాలు మాత్రము ఆ యింటికి తిరిగి రాలేదు.