కొకైన్‌ను రక్తంలోనే విరిచే ఎంజైమ్

కొకైన్ మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది, మూర్ఛలు వస్తాయి. హెరాయిన్ వంటి నల్లమందు జాతి పదార్థాలకు నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది. కొకైన్‌కు అలాంటి ఆమోదిత మందు లేదు. డోపమైన్‌ను నాడీకణాల్లోకి తిరిగి తీసుకువెళ్ళే ప్రోటీన్‌ను కొకైన్ అడ్డుకుంటుంది. ఆ ప్రోటీన్‌పై కొకైన్ అతుక్కునే చోటును ముందే ఆక్రమించే మందు ఇస్తే అదీ డోపమైన్‌కు అడ్డుపడే ప్రమాదం ఉంది. అందుకే శాస్త్రజ్ఞులు మరో దారి పట్టారు: కొకైన్ మెదడుకు చేరకముందే రక్తంలో దాన్ని విరగ్గొట్టడం.

మనిషి రక్తంలోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఈ పని చేస్తుంది గానీ చాలా నెమ్మదిగా. కోకా మొక్కల వేళ్ళ చుట్టూ మట్టిలో రోడోకాకస్ అనే బ్యాక్టీరియా దొరికింది. అది కొకైన్‌నే ఆహారంగా వాడుకుంటుంది. దానిలోని కొకైన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ కొకైన్ అణువులోని ఒక ఎస్టర్ బంధాన్ని చకచకా తెంపుతుంది. మిగిలే రెండు ముక్కలకూ మత్తెక్కించే గుణం లేదు. ప్రాణాంతక మోతాదు ఇచ్చిన ఎలుకలను ఈ ఎంజైమ్ కాపాడింది.

అయితే బ్యాక్టీరియా ఉండేది చల్లటి మట్టిలో. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. ఆ వేడికి ఎంజైమ్ మడతలు విడిపోయి, సుమారు 12 నిమిషాల్లోనే సగం శక్తి పోతుంది. ఏ భాగం ముందుగా సడలుతుందో కంప్యూటర్ లెక్కలతోనూ ప్రయోగాలతోనూ పరిశోధకులు వెతికారు. 172వ స్థానంలోని థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ఆర్జినిన్‌ను, 173వ స్థానంలోని గ్లైసిన్‌కు బదులు గ్లూటమిన్‌ను పెట్టారు. ఈ రెండు మార్పులతోనే ఎంజైమ్ ఆయువు ఐదారు గంటలకు పెరిగింది.

ఎంజైమ్ జంటగా పనిచేస్తుంది కాబట్టి, తర్వాత రెండు అణువులు కలిసే చోట సిస్టీన్లను చేర్చి గంధకపు బంధాలతో బిగించారు. అలా బిగించిన రూపం ప్రయోగశాలలో 37 డిగ్రీల దగ్గర 40 రోజులకు పైగా నిలిచింది. దానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులు తొడిగితే, జంతువుల రక్తంలో ఇంకా ఎక్కువ కాలం ఉండగలిగింది.

ఎంజైమ్ ఎంతసేపు నిలుస్తుందన్న ఈ తేడా చికిత్సలో కీలకం. మోతాదు మించిన రోగికి వెంటనే పనిచేసి కొన్ని గంటలు నిలిచే ఎంజైమ్ చాలు. ఆర్‌బీపీ-8000 పేరుతో పైన చెప్పిన రెండు మార్పుల రూపాన్ని కొకైన్ వాడే వాలంటీర్లకు ఇస్తే, రక్తంలోని కొకైన్ రెండు నిమిషాల్లోనే సుమారు 90 శాతం తగ్గింది. వ్యసనం మాన్పించడానికి మాత్రం ఎంజైమ్ రక్తంలో వారాల తరబడి పనిచేయాలి. మళ్ళీ తీసుకున్నా మత్తు ఎక్కకుండా చూడాలి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. బ్యాక్టీరియా ప్రోటీన్‌ను పదేపదే ఇస్తే శరీరం దానిపై యాంటీబాడీలు తయారుచేస్తుంది. పైగా ఎంజైమ్ మత్తును అడ్డుకోగలదు గానీ, మత్తు కావాలనే తపనను చల్లార్చలేదు. కాబట్టి దీర్ఘకాలం నిలిచే ఎంజైమ్ సిద్ధమైనా కౌన్సెలింగ్, కుటుంబం అండ రోగికి తప్పనిసరిగా కావాలి.