పెరటి గులాబి – కత్తిరింపు కాలము

గులాబి యనగానే మీలో కొందరు, 'అది తోటమాలిని పెట్టుకొనగలవారి మొక్క, మనకేల?' యని తలంతురేమో. నేను చెప్పబోవునది అట్టి సుకుమారపు అంటుగులాబిని గూర్చి కాదు. బావియొద్దనో, తులసికోట ప్రక్కనో పాతినది మొదలు ఎవరును పట్టించుకొనకున్నను, గుత్తులుగా పూయుచు వాకిలివరకు పరిమళించు నాటుగులాబిపొదను గూర్చి.

ఇట్టి పొదలలో ఒకదానిని తోటపనివారు ఎడ్వర్డు గులాబి యందురు. ఇది బూర్బను తరగతిది. హిందూ మహాసముద్రమున నేడు రీయూనియన్ అనబడు ద్వీపమునకు పూర్వము బూర్బన్ అని పేరు. అచ్చట చీనా గులాబియు, డమాస్కు గులాబియు సంకరమై ఈ తరగతి పుట్టినది. 1819 ప్రాంతమున దాని విత్తనములు పారిసు చేరినవి. డమాస్కువలన పరిమళమును, చీనావలన ఏడాదిలో పలుమారులు పూయు గుణమును దీనికి అబ్బినవి. ఈ రెండవ గుణమే నేటి ప్రసంగమునకు ముఖ్యము. ఇది క్రొత్త చిగుళ్ళ కొసలయందు పూచును గనుక, కొమ్మ తీసినచో పూవు పోవునను భయము వలదు. అయితే ఎప్పుడు తీయవలయునన్నదే ప్రశ్న.

దానికి నేను మూల్యము చెల్లించియే నేర్చుకొంటిని. మా తల్లిగారు పెంచిన పొద బాటకు అడ్డముగా పెరుగుచున్నదని, శ్రావణపు ముసురులో కొడవలితో నరికితిని. కోతలు చీలినవి. చీలికలలో నీరు నిలిచినది. కొద్దిదినములకే కొసలు నల్లబడి, ఆ నలుపు క్రిందికి దిగజొచ్చెను. ఒక్క కొమ్మ తప్ప అన్నియు మాడిపోయినవి. తల్లిగారు నన్నొక మాటయు ననలేదు. ఉదయమున పూలసజ్జతో అటు పోయి ఊరక మరలి వచ్చెడివారు. అది కొమ్మయెండు తెగులు. శిలీంధ్రమువలన కలుగును, గాయముగుండ ప్రవేశించి తడిలో విజృంభించును.

కావున వానలు వెనుదీసిన పిమ్మటనే కత్తెర పట్టవలెను. తెలంగాణమున అక్టోబరు రెండవ పక్షము అనుకూలము. నెల్లూరు ప్రాంతమున తుపానువానలు నవంబరులోను పట్టును గనుక అచ్చటివారు ఆగుట మేలు. కోసిన సుమారు 45 దినములకు పూలు వచ్చును. సంక్రాంతికి పూలు కోరువారు నవంబరు నెలాఖరులోపల పని ముగింపవలెను. నడివేసవిలో మాత్రము వాడిన పూలను త్రుంచుటతో సరిపెట్టుకొనుడు. ఆకునీడ తీసివేసినచో ఎండకు కొమ్మతోలు మాడును.

పొద నాటిన మొదటి రెండేండ్లు దాని జోలికి పోకుడు. తరువాత ముందుగా ఎండినవానిని, ఒకదానితో నొకటి రాచుకొను కొమ్మలను తీసివేయవలెను. బెరడు బూడిదవన్నెకు తిరిగి పగిలిన ముదికొమ్మలలో ఏటికి ఒకటి రెండింటిని మొదటికంట తీసినచో, క్రొత్త కొమ్మలు మొదటినుండి లేచును. మిగిలినవానిని మూడవవంతు మాత్రమే తగ్గింపుడు. అంటుగులాబివలె మోకాలియెత్తునకు నరుకుట దీనికి శిక్షయే. పొద వెలుపలివైపు చూచు కన్నునకు పావు అంగుళము పైగా, ఏటవాలుగా కోయవలెను. కోసినచోట నడుమ గోధుమవన్నె కనబడినచో, తెలుపు కనబడువరకు ఇంకను క్రిందికి కోయవలెను. ఇందులో జాలి పనికిరాదు. కొడవలి వలదు; పదునైన కత్తెర కావలెను. తెగులు పొదను తాకిన కత్తెరను స్పిరిటుతో తుడువక వేరొక పొదకు తీసికొనిపోరాదు.

వ్రేలిలావు కోతలకు బోర్డో పూత పూయుడు. 100 గ్రాముల మైలుతుత్తమును అరలీటరు నీటను, 100 గ్రాముల సున్నమును మరియొక అరలీటరు నీటను వేర్వేరుగా కలిపి, పిదప రెంటిని ఒకటి చేయవలెను. మట్టిపాత్రయో ప్లాస్టికు పాత్రయో వాడుడు, ఇనుపది కూడదు. చాకుకొన ముంచినప్పుడు ఎర్రని రాగి అంటుకొనినచో సున్నము చాలలేదన్నమాట. నాటిది నాడే వాడవలెను; పిల్లలకు అందనీయరాదు.

కత్తిరించిన పిదప వేళ్ళు బయటపెట్టి ఎండించు ఆచారము కొన్నియెడల కలదు. నాటుపొదకు అది అనవసరమని నా అభిప్రాయము. రాలిన ఆకులను ఏరి తగులబెట్టి, చివికిన పశువుల ఎరువు రెండు గంపలు వేసి నీరు కట్టిన చాలును.

కోసిన కొమ్మలను పారవేయకుడు. పెన్సిలులావు గలవానిని జానెడు ముక్కలుగా కోసి, తలక్రిందులు కాకుండ చూచి, సగమునకు పైగా ఇసుకమట్టిలో గ్రుచ్చి, నీడను తేమగా నుంచినచో కొన్ని వేరుపట్టును. మా తల్లిగారి పొదలో మిగిలిన ఆ యొక్క కొమ్మనుండి మరుసటి కార్తికమున నేను ఏడు ముక్కలు గ్రుచ్చితిని. మూడు బ్రతికినవి. వానిలో నొకటి నేడు బావియొద్ద ఉన్నది.