జేబులో రెండు కార్డులు, చేతిలో విజిల్

2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్. స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా తలపడుతున్నాయి. 61వ నిమిషంలో క్రొయేషియా డిఫెండర్ జోసిప్ సిమునిచ్‌కు ఎల్లో కార్డు. 90వ నిమిషంలో ఇంకోటి. రెండు ఎల్లోలు పడితే ఆటగాడు బయటికి పోవాల్సిందే. సిమునిచ్ మాత్రం దర్జాగా ఆడుతూనే ఉన్నాడు! ఆఖరి విజిల్ పడ్డాక రిఫరీ మీదికి వెళ్లి మూడో ఎల్లో తెచ్చుకున్నాడు, అప్పుడుగానీ రెడ్ కార్డు పైకి లేవలేదు. ఇంగ్లండ్‌కు చెందిన రిఫరీ గ్రాహం పోల్ ఒక కార్డును పొరపాటున ఆస్ట్రేలియా 3వ నంబరు ఖాతాలో రాసుకున్నాడు. సిమునిచ్‌దీ 3వ నంబరే. పక్కనున్న సహాయకులెవరూ పట్టుకోలేకపోయారు. ఆ తర్వాత పోల్ పెద్ద అంతర్జాతీయ టోర్నీల జోలికి వెళ్లలేదు.

అసలీ కార్డులు 1970 మెక్సికో ప్రపంచకప్‌తోనే వచ్చాయి. ట్రాఫిక్ సిగ్నల్ చూసి కెన్ ఆస్టన్ అనే ఇంగ్లిష్ రిఫరీకి తట్టిన ఆలోచన అది.

విజిల్ ఊదడం ఎవరికైనా వస్తుంది, ఆపుకోవడమే కష్టం. కాలికి దెబ్బ తగిలి తూలుతూనే ఫార్వర్డ్ బంతిని సహచరుడికి అందించాడనుకోండి. అక్కడ ఫౌల్ ఇస్తే తప్పు చేసిన జట్టుకే మేలు. అందుకే రిఫరీ చేతులు ముందుకు చాచి ‘ఆడండి’ అంటాడు. కొన్ని క్షణాల్లో లాభం కనిపించకపోతే అప్పుడు విజిల్ వేసి ఫ్రీకిక్ ఇస్తాడు. ఇదంతా పరుగెత్తుతూనే!

మన దేశంలో రిఫరీ అయ్యే దారి జిల్లా, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాల నుంచి మొదలవుతుంది. 17 నిబంధనల మీద రాతపరీక్ష, మౌఖిక ప్రశ్నలు, ఆపైన పరుగు. అంతర్జాతీయ స్థాయి పురుష రిఫరీలకైతే 40 మీటర్లను ఆరు సెకన్లలో, అలా ఆరుసార్లు. తర్వాత 75 మీటర్లు పరుగు, 25 మీటర్లు నడక, మొత్తం నాలుగు కిలోమీటర్లు అయ్యేదాకా. కొత్తవాళ్లకు ముందు స్కూలు మ్యాచ్‌లో లైన్ పక్కన జెండా ఇస్తారు. తిట్లు వినడం అక్కడే అలవాటవుతుంది.

రిఫరీ పనినే నమ్ముకుని బతికేవాళ్లు తక్కువ, చాలామందికి వేరే ఉద్యోగం ఉంటుంది. 2010 ప్రపంచకప్ ఫైనల్లో 14 ఎల్లో కార్డులు తీసిన హోవర్డ్ వెబ్ పోలీసు సార్జెంటుగా పనిచేసినవాడే. మన దేశం నుంచీ ప్రపంచకప్ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు: 2002లో చెన్నైకి చెందిన శంకర్ కోమలీశ్వరన్ అసిస్టెంట్ రిఫరీగా జెండా పట్టాడు. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ మహిళ స్టెఫానీ ఫ్రాపార్ ఏకంగా పురుషుల మ్యాచ్‌కే ప్రధాన రిఫరీ అయింది.

ఇంత దూరం వచ్చినా ఛాతీ మీది ఫిఫా బ్యాడ్జికి ఏడాదే గడువు. ఆ సంవత్సరం దానిమీదే రాసి ఉంటుంది.